తాండూరుకు చేరని నీళ్లు

పొద్దున చాయ్ తాగాక నేను పేపరు తెరుస్తాను, నా భార్య ఫోను తెరుస్తుంది. చాలా ఏళ్లు వికారాబాద్ నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసినవాణ్ణి కాబట్టి, పేపరు తెరవగానే ఎక్కడ తప్పు పడిందా అని నా కళ్లు వెతుకుతాయి. ఆమె కళ్లు తన పొలం ఎండిందా, తడిసిందా అని వెతుకుతాయి. ఆ పొలం బంట్వారం దిక్కుదో నవాబుపేట దిక్కుదో కాదు. ఫోనులో ఉన్నది. ఆన్‌లైన్ ఆటలో పొలం.

ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి. అందులో చేరిన ప్రతివాళ్లకూ ఒక చిన్న చేను, ఒక బావి, కొన్ని గొర్రెలు ఇస్తారు. మన చేను మనం దున్నుకోవచ్చు, విత్తనం వేసుకోవచ్చు. నీళ్లు మాత్రం మనం పోసుకోలేం. పొరుగువాళ్లు వచ్చి పొయ్యాలి. ఆ పొరుగు ఎవరో మనమే ఎంచుకోవాలి. వాళ్లు రోజుకొకసారి తమ ఫోనులోంచి మన చేనుకు వచ్చి బకెట్ కుమ్మరించి పోతారు. వచ్చి పోయిన గుర్తుగా గట్టు మీద ఖాళీ బకెట్ బోర్లించి ఉంటుంది. ఈ ఆటను ఎవరు కనిపెట్టారో గానీ మనుషుల సంగతి కాస్త తెలిసినవాళ్లే.

నా భార్యకు పొరుగు ఆమె చెల్లెలు. ఆ పిల్ల (పిల్ల అంటే ఇప్పుడు ఆమెకూ తల నెరిసింది) తాండూరులో ఉంటుంది. బండ పాలిష్ చేసే యూనిట్‌లో ఆమె భర్తకు పని. వికారాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కితే ధారూరు, రుక్మాపూర్ దాటి తాండూరు. చంటి పిల్ల ఒక కునుకు తీసి లేచేంత దూరం. కానీ అక్కచెల్లెళ్లిద్దరికీ మాటలు లేవు.

మాటలు పోయింది ఒక గొంగడి దగ్గర. మా మామ గొర్లకాపరి. కోట్‌పల్లి పక్కన వాళ్ల ఊరు. వానకూ చలికీ ఎండకూ ఆయనకు ఒకటే గొంగడి. కప్పుకుంటే దుప్పటి, పరిస్తే పక్క, మూల మడిచి నెత్తికి కొప్పెర పెట్టుకుంటే గొడుగు. ఆయన పోయాక ఇద్దరు బిడ్డలూ ఇంకేదీ అడగలేదు, ఆ గొంగడే అడిగారు. అది ఆఖరు రోజుల్లో తండ్రిని చూసుకున్న చిన్న బిడ్డ ఇంట్లో ఉండిపోయింది. ఆమె కొన్నాళ్లు బాగా ఆలోచించి, కత్తెర తీసుకుని, నడిమికి కొలిచి, గొంగడిని రెండు ముక్కలు చేసింది. సగం ముక్కను చక్కగా మడత పెట్టి, బస్సులో వచ్చే తెలిసినవాళ్ల చేతికిచ్చి అక్కకు పంపింది. సమానంగా పంచానని చెల్లెలి నమ్మకం.

నా భార్య ఆ సంచి విప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. ముక్కను చేతిలో పట్టుకుని కోసిన అంచును వేలితో తడుముతూ నిలబడింది.

"దానికి కొయ్యనీకి చేతులెట్లొచ్చినయి?" అంది. "నాయిన గొంగడి చుట్టుకుంటె మోకాళ్ల దాంక వస్తుండె. ఇప్పుడు ఏం కప్పుతది ఇది? పిల్లిని కప్పుతది."

చెల్లెలికి ఫోను చేసి ఇంకా చాలా అంది. అవతలి నుంచి కూడా చాలా వచ్చింది. ఆ తర్వాత పండగలకూ పబ్బాలకూ ఇద్దరూ ఒకే చోటికి వచ్చినా ఒకరు వంటింట్లో ఉంటే ఇంకొకరు అరుగు మీద ఉండేవాళ్లు.

ఆ ఆట పెట్టింది మా బిడ్డ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం ఇంటికొచ్చి తల్లి ఫోనులో ఆట వేసి, నేర్పించి, పొరుగు కావాలి కదా అని తల్లికి చెప్పకుండానే పిన్ని నంబరు కొట్టింది. అంతకు ముందే తాండూరు పోయి పిన్ని ఫోనులోనూ వేసి వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. తల్లికి సంగతి తెలిసి మొదట మండిపడింది. నాలుగు రోజులు ఆట ముట్టలేదు. ఒక పొద్దున మాత్రం నేను పేపరు పక్కన పెట్టి చూసేసరికి కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోయేంతగా ఫోనులోకి వంగి ఉంది.

"పోసి పోయింది," అంది మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే.

గట్టు మీద బకెట్ బోర్లించి ఉంది.

అప్పట్నుంచీ అదే వాళ్ల మాట్లాడుకోవడం. పొద్దున చాయ్ అయ్యాక ఈమె చెల్లెలి చేనుకు నీళ్లు పోస్తుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె ఈ చేనుకు పోస్తుంది. బకెట్ ఎప్పుడు పడిందో చూసి నా భార్య తాండూరు సమాచారమంతా చెప్పేది. నేను రిపోర్టరుగా ఉన్నప్పుడు నాకు అంత మంచి విలేకరి ఏ మండలంలోనూ దొరకలేదు.

"ఇయ్యాల పొద్దుగాలనే పోసింది. మరిదికి పగటి డ్యూటీ పడ్డట్టుంది."

"ఇయ్యాల పొద్దు గూకంగ పోసింది. నడుము నొప్పి మళ్లొచ్చిందేమో దానికి. కందులు చెరుగుతుంటది, వద్దంటె ఇంటదా?"

"ఫోన్ చేసి అడుగు మరి," అనేవాణ్ణి.

"నేనెందుకు అడుగుత? నాకేం పని?" అనేది.

నన్ను ఫోను చెయ్యనిచ్చేది కాదు. అక్కచెల్లెళ్ల నడుమ వేలు పెట్టొద్దని నా చేత మాట తీసుకుంది. నేనూ పెట్టలేదు. పని చేసినన్నాళ్లూ ఊళ్ల పంచాయితీల గురించి రాసినవాడిని. ఎక్కడ నిలబడి చూడాలో, ఎక్కడ నిలబడకూడదో కొంత తెలుసు.

అలా నడుస్తున్నదల్లా ఒకసారి ఆగింది.

ఒక మధ్యాహ్నం బకెట్ పడలేదు. సాయంత్రమైనా పడలేదు. "పెండ్లికి పోయిందేమో," అంది నా భార్య. మర్నాడు పొద్దున తన వంతు నీళ్లు తాను పోసింది. ఫోనులో బకెట్ వంగింది, నీళ్ల చప్పుడు కూడా వచ్చింది. నేను విన్నాను. ఆ మధ్యాహ్నమూ అవతలి బకెట్ రాలేదు. ఇంకో రోజు, ఇంకో రోజు. చేనులో ఆకులు పసుపు పచ్చబడ్డాయి, తర్వాత గోధుమరంగుకు తిరిగాయి. ఈమె మాత్రం పొద్దున్నే చెల్లెలి చేనుకు నీళ్లు పోస్తూనే ఉంది. పోసేటప్పుడు పెదవులు బిగపట్టేది.

చివరికి ఒక పొద్దున ఫోను తెరవగానే తెర నిండా ఒక మాట వచ్చింది: "మీ పొరుగువారు చాలా రోజులుగా మీ పొలానికి రాలేదు. వేరే పొరుగువారిని ఎంచుకుంటారా?" కింద అవును, కాదు. పక్కన మూలకు రంగుల పెట్టె ఒకటి ఎగురుతూ ఉంది. దాని మీద బంగారు పొట్టేలు. "మీకు బహుమతి" అని రాసి ఉంది.

నా భార్య ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లింది. పోపు మాడిన వాసన వచ్చింది. ఆమె చేతిలో పోపు మాడడం నేను ఎన్నడూ ఎరగను.

నేను ఫోను తీసుకుని అటూ ఇటూ వెతికాను. అక్కడా ఇక్కడా నొక్కితే, ఎక్కడో లోపల, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో కంపెనీవాళ్ల ప్రకటన దొరికింది. సాంకేతిక కారణాల వల్ల కొన్ని రోజులుగా సర్వీసులో అంతరాయం ఏర్పడిందట. ఆట తెరుచుకున్నా, ఆడినవాళ్లు చేసిన పనులు అవతలివాళ్లకు చేరలేదట. ఇప్పుడు అంతా బాగైందట. అసౌకర్యానికి చింతిస్తూ అందరికీ ఒక బహుమతి పెట్టె ఇస్తున్నారట.

అంటే ఈమె రోజూ పోసిన నీళ్లు తాండూరు చేరలేదు. తాండూరులో ఆమె రోజూ పోసి ఉంటే అవి వికారాబాద్ చేరలేదు. ఇద్దరికీ మాత్రం అవతలి మనిషి రాలేదని తెలుగులో పెద్ద అక్షరాలతో చెప్పేశారు.

నేను వంటింట్లోకి పోయి చదివి వినిపించాను. ఆమె గరిటె పట్టుకుని విన్నది.

"గిది ఇంగ్లీషుల ఉంది," అంది.

"అవును."

"దానికి ఇంగ్లీషు వస్తదా?"

"రాదు."

"మరి దానికి కూడ నేను రాలేదనే రాసి ఉంటది."

"ఉంటది. అందుకే ఫోన్ చేసి చెప్పు."

"ఏమని చెప్పాలె? నేను పోసిన, నీకు అందలే అని చెప్పాల్నా? గొంగడప్పుడు నా మాట ఒక్కటి ఇననిది ఇప్పుడు నమ్ముతదా? అక్కడ కంపెనోడే రాసి పెట్టిండు, రాలేదని."

నిజానికి ఆమె భయం నమ్మకం గురించి కాదు. చెల్లెలు ఈసరికే "అవును" నొక్కేసి ఇంకెవరినో పొరుగుగా పెట్టుకుని ఉంటే? ఫోను చేస్తే ఆ సంగతి చెవులారా వినాల్సి వస్తుంది. చెయ్యకపోతే, తెలియకుండా ఇంకొన్ని రోజులు గడపొచ్చు. ఆమె ఆ మాట అనలేదు. కానీ ఆ రోజు నాలుగైదు సార్లు ఫోను తిప్పి చూసి, మళ్లీ బోర్లా పెట్టింది. సర్వీసు బాగైందని రాశారు గదా, అయినా బకెట్ రాలేదు.

పెట్టె తెరవలేదు. తెరువు, పొట్టేలొస్తుంది అని నేను నవ్వించబోతే, "తెరిస్తే చెల్లె పొయ్యలేదని నేను ఒప్పుకున్నట్టే," అంది.

సాయంత్రం మా బిడ్డకు చెప్పాను. ఆమె ఫోనులోనే లేచి నిలబడ్డట్టు మాట్లాడింది.

"డాడీ, ఊకోవద్దు. నష్టపరిహారం అడగాలె. కస్టమర్‌కు హక్కుంటది. నేను రాస్త వాళ్లకు."

రాసింది కూడా. పెద్ద ఉత్తరమే రాసింది, నాకు చూపించింది, నేను నా పాత అలవాటు కొద్దీ మూడు వాక్యాలు కొట్టేశాను. ఒక రోజు గడిచాక జవాబు వచ్చింది. మీ అభిప్రాయం మాకు ముఖ్యం అన్నారు. ఇంకొక పెట్టె ఇచ్చారు. ఈసారి పొట్టేలు కాదు, వెండి బావి.

కోర్టు ముందు చాయ్ హోటల్లో నా పాత స్నేహితుడు ఒకాయన రోజూ కూర్చుంటాడు, వకీలు. ఆయన ముందు సంగతి పెట్టాను. ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ విన్నాడు.

"ఆటకు పైసలు కట్టినారే మీరు?"

"లేదు. ఫుకట్‌దే."

"ఫుకట్ ఆటకు నష్టం ఏందిరా భయ్? కట్టినోనికి ఆ రోజులు కలిపియ్యాలె, అది న్యాయం. వాడు అడగకముందే కలపాలె. కట్టనోనికి ఏం కలుపుతరు? మన కాడ కరెంట్ పోతె ఎవడన్న పరిహారం ఇచ్చిండా? ఆఫీసుల సర్వర్ లేదంటే మారు మాట్లాడకుంట ఇంటికొచ్చేటోళ్లం మనం."

"కరెంట్ పోతే చీకటి పడతది. 'నీ చెల్లె నిన్ను మర్చిపోయింది' అని గోడ మీద రాయదు గదా," అన్నాను.

వకీలు సాసర్ కింద పెట్టాడు. "అది వేరే కేసు," అన్నాడు. "అది పరువునష్టం." ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఇంటికి నడిచి వస్తుంటే ఆయన నవ్వుతూ అన్న మాటే సరైనదనిపించింది.

పత్రికలో ఉన్నప్పుడు నవాబుపేట నుంచి ఒక పెద్దమనిషి మా ఆఫీసుకు వచ్చాడు. ఏదో వార్తలో, ఊరి సభకు రానివాళ్లలో ఆయన పేరు పడింది. ఆయన వెళ్లాడు, ముందు వరసలో కూర్చున్నాడు కూడా. మేనేజరు మర్యాదస్తుడు. మీకు ఏడాది పాటు పేపరు ఉచితంగా వేయిస్తామన్నాడు. పెద్దమనిషి చేతులు జోడించి, "నాకు పేపరు వద్దు సారూ, నేను వచ్చిన్నని రాయుండ్రి," అన్నాడు. లోపలి పేజీలో సవరణ వేస్తామంటే ఒప్పుకోలేదు. తప్పు ఏ పేజీలో పడిందో ఆ పేజీలోనే, ఆ జాగాలోనే పడాలన్నాడు. పడింది. ఆ ముక్క కత్తిరించి అద్దం కట్టించుకున్నాడని తర్వాత విన్నాను. ఏడాది పేపరు కంటే ఆయనకు ఆ రెండు వాక్యాలే ఎక్కువ.

ఆ కంపెనీ చెయ్యాల్సింది కూడా అంతే గదా. రాలేదని పెద్ద అక్షరాల్లో తెలుగులో చెప్పిన చోటే, వచ్చారు, మేమే చేర్చలేకపోయాం అని పెద్ద అక్షరాల్లో తెలుగులో చెప్పడం. దానికి వాళ్లకు ఖర్చు కూడా కాదు. పొట్టేలూ బావీ ఇచ్చారు, ఆ ఒక్క మాట ఇవ్వలేదు.

నేను ఇంటికి వచ్చి ఇదంతా నా భార్యకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నవాబుపేట పెద్దమనిషి దగ్గర కొంచెం నవ్వింది. వకీలు మాటకు పెద్దగా చెవి పెట్టలేదు. కాసేపటికి తానే మొదలుపెట్టింది.

"నాయిన చేన్లల్ల మంద పెడుతుండె, ఎరికే గదా."

ఎరికే. కోతలయ్యాక రైతులు గొర్లమందను కొన్ని రాత్రులు తమ చేనులో పడుకోబెట్టమంటారు. గొర్ల పెంటతో నేలకు బలం వస్తుంది. ఎన్ని రాత్రులో ముందే మాట్లాడుకుంటారు, బదులుగా కాపరికి గింజలు ఇస్తారు. మా మామ ఏటా ఆ పని మీద ఊరూరూ తిరిగేవాడు.

"ఒకొక్కపారి వాన కొడ్తది. మంద బెదిరి పక్కోల్ల చేన్లకు ఉర్కుతది. ఆ రాత్రి రైతుకు దక్కదు. రైతు ఇంట్ల పండుకొనుండె, ఆయనకేం తెలుస్తది? తెల్లారంగనే నాయిన మొగం కూడ కడుక్కోకుంట రైతింటికి పోతుండె. రాత్రి మంద నీ చేన్ల నిలువలే పటేలా అని చెప్పేది. చెప్పినంకనే ఇంకో రాత్రి ఇచ్చేది. చెప్పకుంట ఇచ్చుడు లేదు."

"వాన కొట్టుడు ఆయన తప్పు కాదు గదా," అన్నాను.

"నేను గూడ గట్లనే అడిగిన చిన్నగున్నప్పుడు. వాన నాది కాదు బిడ్డ, మంద నాది అన్నడు."

అని, చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె ఆ కథ నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఈసారి తను చెప్పింది తానే విన్నట్టుంది.

"తాండూరు బండి ఎన్నింటికుంది?" అంది.

మర్నాడు బయల్దేరాం. సంచిలో రెండు చీరలు, కట్టెల పొయ్యి మీద వేయించిన పల్లీలు, అడుగున మడిచిన గొంగడి ముక్క. అది ఎందుకని నేను అడగలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుంది. రుక్మాపూర్ దగ్గర, "అది తలుపు తియ్యకుంటే?" అంది.

"తీస్తది."

"ఇంకోల్లను పొరుగు పెట్టుకున్న అంటే?"

"అంటే వాళ్లింట్ల కూసొని చాయ్ తాగుదాం," అన్నాను. ఆమె నవ్వలేదు గానీ మొహం కొంచెం సడలింది.

తాండూరులో పాలిష్ యూనిట్ల పక్క గల్లీల్లో చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి బండపొడి ఉంటుంది. మా మరదలు ఇంటి ముందు, నాపరాయి అరుగు మీద కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. పక్కింటి కన్నడపామె గోడ మీంచి, "ఊట ఆయ్తా?" అని అడుగుతోంది, తిన్నారా అని. మా మరదలు జవాబివ్వబోయి మమ్మల్ని చూసింది. చాట అలాగే చేతిలో ఆగిపోయింది.

"ఏందే, తొవ్వ తప్పొచ్చినవా?" అంది.

నా భార్య గేటు దగ్గరే నిలబడింది. రైల్లో ఏమేం అనుకుందో గానీ, అక్కడ ఒక్క ఊపులో చెప్పేసింది.

"నీ చేన్కు నీళ్లు ముట్టలే. నేను పోసిన. రోజూ పోసిన. కంపెనోల్ల మిషిన్ కరాబై నీ దాంక రాలే. వాళ్లు చెప్పలే, నేను చెప్తున్న."

మా మరదలు చాట కింద పెట్టింది. కందులు కొన్ని అరుగు మీద దొర్లాయి.

"నేను గూడ పోసిన," అంది.

"పోసి ఉంటవని నాకెరికే."

"ఎరికైతే ఫోన్ చెయ్యకపోతివి?"

"నువ్వు చెయ్యకపోతివి?"

"నీకు చేస్తె ఎత్తవని కంపెనోల్లకే చేద్దామనుకున్న. నంబరే లేదట! పొద్దాక ఎతికిన. గంత పెద్ద కంపెనీకి ఒక ఫోన్ నంబర్ లేదు, ఇంత లేకి కంపెనీ ఏడన్న ఉంటదా?"

"ఇంకోల్లను పొరుగు పెట్టుకున్నవా?" నా భార్య గేటు పట్టుకుని అడిగింది.

"ఎవలను పెట్టుకుంట? గీ కన్నడపామె నన్ను పెట్టుకో నన్ను పెట్టుకో అని రోజూ పరేషాన్ చేస్తుంది. పెట్టుకోలే. తెరిసి చూస్తె నువ్వు రాలేదని రాసుంటది, అందుకె తెరుసుడే బంద్ వెట్టిన."

సర్వీసు బాగయ్యాక కూడా బకెట్ ఎందుకు పడలేదో అప్పుడు అర్థమైంది. ఆ రాతను చూడలేక ఈమె ఆట తెరవడమే మానేసింది. నా భార్య గేటు దాటి లోపలికి వచ్చింది. అరుగు మీద దొర్లిన కందులు ఏరి చాటలో వేస్తూ కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే చాటలో చేతులు పెట్టారు. నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. కన్నడపామె గోడ అవతల నుంచి కుర్చీ అందించింది.

అన్నాలయ్యాక మా మరదలు తీర్పు చెప్పింది.

"నువ్వు ఎన్ని రోజులు నీళ్లు పొయ్యలేదో అన్ని రోజులు ఈడ ఉండాలె. నాయిన మంద లెక్క."

"పోసిన అంటుంటే ఇనవడ్తలేదానే నీకు?"

"పోసినవు. నాకు ముట్టిందా?"

"నువ్వు పోసింది నాకు ముట్టిందా? మరి నువ్వు గూడ వికారాబాద్ వచ్చి అన్ని రోజులు ఉండాలె."

"వస్త. ముందు నీది కానియ్."

నేను సాయంత్రం బండికి ఒక్కణ్ణే బయల్దేరాను. వెళ్లేముందు నా భార్య తన ఫోను నా చేతిలో పెట్టింది. "ఇది ఉంటే దీంట్లనే మొగం పెట్టి కూసుంటం. నువ్వు తీస్కపో. పొద్దుగాల దాని చేన్కు నీళ్లు పోయి, మర్వకు." మా మరదలు కూడా లోపలికి పోయి తన ఫోను తెచ్చింది. "బావా, ఇది గూడ. మధ్యాహ్నం అక్క చేన్కు పోయి." అలా రెండు ఫోన్లు, రెండు చేన్లు నా చొక్కా జేబుల్లోకి వచ్చాయి.

రైల్లో కూర్చుని ఆలోచించాను. సర్వీసు పడిపోతే కంపెనీలు పరిహారం ఇవ్వాలా అని ఎవరైనా నన్ను అడిగితే ఇవ్వాలనే అంటాను. డబ్బు కట్టినవాళ్లకు పోయిన రోజులు అడగకుండానే కలపాలి. అందులో దయ ఏమీ లేదు. కానీ డబ్బు కట్టినా కట్టకపోయినా, ముందు తెల్లారేసరికి మన గుమ్మం ముందుకు వచ్చి, మనకు అర్థమయ్యే భాషలో, ఏం జరిగిందో చెప్పాలి. ఎవరి మీద నింద పడిందో దాన్ని తుడవాలి. ఆ పైన పొట్టేలిస్తారో, బావి ఇస్తారో వాళ్లిష్టం. మా మామకు చదువు రాదు, ఆయన దగ్గర సర్వర్లు లేవు, గొర్లున్నాయి. అవి కూడా అప్పుడప్పుడు మాట వినేవి కావు.

ఆ తర్వాత రోజులు నేను బాగా కష్టపడ్డాను. పేపరు చదవకముందే ఒక ఫోను, తిన్నాక ఒక ఫోను. ఒకసారి తారుమారై ఈమె ఫోనులోంచి ఈమె చేనుకే పోయబోతే ఆట ఒప్పుకోలేదు. ఎండిన మొక్కలు మెల్లగా చిగురేశాయి. మూలన పెట్టెలు ఎగురుతూనే ఉన్నాయి, వాటిని ముట్టలేదు.

ఒక పొద్దున మా తోడల్లుడు ఫోను చేశాడు. వెనక నుంచి ఆడవాళ్ల గొంతులు పెద్దగా వినిపిస్తున్నాయి.

"అన్నా, వదినను ఎప్పుడు తీస్కపోతవ్?"

"ఏం, రోజులు అయిపోయినయా?"

"ఎప్పుడో అయిపోయినయి. మాట్లాడుకోని రోజులు గూడ కలపాలని మళ్ల మొదటి సంది లెక్క పెడుతుండ్రు. ఇంట్ల ఒకటే లొల్లి. ఇగో, గొంగడి ముక్కలు రెండు ముందటేసుకొని కూసున్నరు."

గొంతులు తేటగా వినిపించాయి. కుట్టు కనబడకుండా లోపల్నుంచి వెయ్యాలని నా భార్య అంటోంది. కోసింది నేను, కనబడితే కనబడనియ్యే అని చెల్లెలు అంటోంది. కొప్పెర పెట్టుకుంటే నెత్తి మీదికొస్తది ఆ కుట్టు, నాయినకైతె గుచ్చుకుంటుండె అని ఈమె. నాయిన ఇప్పుడేడ పెట్టుకుంటడే అని ఆమె. తర్వాత సూది ఏదని ఎవరో అడిగారు.

ఫోను చేతులు మారింది.

"ఏమయ్యా, చెల్లె ఫోన్ల నుంచి నా చేన్కు నిన్న నీళ్లు పోసినవా?" నా భార్య అడిగింది.

"పోసిన."

"బకెట్ పడ్డదా, చూసినవా?"

చూడలేదు. ఉండమని చెప్పి బల్ల మీది ఆమె ఫోను తెరిచాను. కొత్త చిగుళ్ల మధ్య, గట్టు మీద, ఖాళీ బకెట్ బోర్లించి ఉంది.

"పడ్డది," అన్నాను.

"మరి అది ముందుగాల చెప్పొద్దా?" అంది.